పెద్ద థ్రాటిల్ బాడీ: లాభమెంత? రోజువారీ నడక చెడకుండా అమర్చడమెలా?

పెట్రోలు వాహనంలో యాక్సిలరేటర్ నేరుగా అదుపు చేసేది ఇంధనాన్ని కాదు, గాలిని. పెడల్ నొక్కితే థ్రాటిల్ బాడీలోని పలక తెరుచుకుంటుంది, ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చుకుంటుంది. ఆ గాలికి తగిన పెట్రోలును కంప్యూటర్ లెక్కగట్టి ఇంజెక్టర్ల ద్వారా పంపుతుంది. ద్వారం పెద్దదైతే గాలి ఎక్కువగా వెళుతుందని, శక్తి పెరుగుతుందని వాహన ప్రియులు భావించడం సహజమే. అయితే మార్పు చేయించుకున్న పలువురికి ఎదురయ్యే అనుభవం వేరు. ట్రాఫిక్‌లో వాహనం కుదుపులతో కదులుతుంది, సిగ్నల్ వద్ద ఇంజిన్ వేగం నిలకడగా ఉండదు, మైలేజీ తగ్గుతుంది. పెద్ద థ్రాటిల్ బాడీ ఎప్పుడు అవసరం, ఎప్పుడు వృథా, అవసరమైనప్పుడు రోజువారీ ప్రయాణం దెబ్బతినకుండా దాన్ని ఎలా అమర్చాలి అన్న అంశాల వివరణ ఇది.

థ్రాటిల్ బాడీ అంటే

ఎయిర్ ఫిల్టర్‌కు, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు మధ్య ఉండే అల్యూమినియం గొట్టమే థ్రాటిల్ బాడీ. దాని లోపల గుండ్రని పలక ఒక సన్నని ఇరుసుపై తిరుగుతుంది. పాత వాహనాల్లో ఈ ఇరుసును పెడల్ నుంచి వచ్చే కేబుల్ తిప్పుతుంది. కొత్త వాహనాల్లో కేబుల్ ఉండదు. పెడల్ వద్ద ఉన్న సెన్సర్ సంకేతం కంప్యూటర్‌కు చేరితే, అది ఒక చిన్న మోటారుతో పలకను తెరుస్తుంది. పలక ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్, ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు గాలిని సర్దే ఐడిల్ వాల్వ్ దీనికి అనుబంధ భాగాలు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న వాహనాల్లో సాధారణంగా ఐడిల్ పనిని కూడా అదే పలక చేస్తుంది.

కార్బురేటర్ కాలం నాటి ఒక నమ్మకం ఇక్కడ అయోమయానికి దారితీస్తోంది. కార్బురేటర్‌లో గాలి వేగమే పెట్రోలును పైకి లాగుతుంది. గొట్టం వెడల్పైతే తక్కువ వేగంలో ఆ లాగుడు బలహీనపడి ఇంజిన్ తడబడుతుంది. ఇంజెక్షన్ వ్యవస్థలో పెట్రోలును పంపు ఒత్తిడితో చిమ్ముతారు. కాబట్టి నాలుగు సిలిండర్లకూ కలిపి ఒకే థ్రాటిల్ ఉన్న కారులో ద్వారం పెద్దదైనంత మాత్రాన తక్కువ వేగంలో ఇంజిన్ బలం పెద్దగా తగ్గదు. తగ్గేది ఆ బలంపై డ్రైవరుకు ఉండే సున్నితమైన అదుపు.

లెక్క ఏం చెబుతోంది

దేశంలో 1985 నుంచి 2019 వరకు తయారై, సైన్యంలోనూ ర్యాలీల్లోనూ పేరు తెచ్చుకున్న మారుతి జిప్సీని ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని తర్వాతి తరం ఇంజెక్షన్ ఇంజిన్ పరిమాణం 1,298 సీసీ, శక్తి 6,000 ఆర్‌పీఎం వద్ద 80 హార్స్‌పవర్. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు భ్రమణాలకు ఒకసారి తన పరిమాణమంత గాలి పీలుస్తుంది. సిలిండర్లు 85 శాతం నిండుతాయని అనుకుంటే, 6,000 ఆర్‌పీఎం వద్ద సెకనుకు సుమారు 55 లీటర్ల గాలి లోపలికి వెళ్లాలి.

లెక్క సౌలభ్యం కోసం థ్రాటిల్ వ్యాసం 45 మిల్లీమీటర్లు, ఇరుసు మందం 8 మిల్లీమీటర్లు అనుకుందాం. గొట్టం వైశాల్యం 15.9 చదరపు సెంటీమీటర్లు. పలక పూర్తిగా తెరిచినా అందులో 3.6 చదరపు సెంటీమీటర్లను ఇరుసు ఆక్రమిస్తుంది. మిగిలిన మార్గంలో గాలి సెకనుకు దాదాపు 45 మీటర్ల వేగంతో వెళుతుంది. ఆ వేగంలోని శక్తి అంతా వృథా అయినట్లు లెక్కించినా, ఒత్తిడి నష్టం సుమారు 1.2 కిలోపాస్కళ్లు. అదే ఇరుసుతో 50 మిల్లీమీటర్ల థ్రాటిల్ పెడితే నష్టం 0.7 కిలోపాస్కళ్లకు దిగుతుంది. ఆదా అయ్యేది దాదాపు అర కిలోపాస్కల్. వాతావరణ పీడనం 100 కిలోపాస్కళ్లు అనుకుంటే ఇది అర శాతం లోపే. అంటే 80 హార్స్‌పవర్ ఇంజిన్‌కు కలిగే లాభం అర హార్స్‌పవర్ కూడా ఉండదు.

అదే ఇంజిన్‌కు క్యామ్‌షాఫ్ట్, సిలిండర్ హెడ్, ఎగ్జాస్ట్ మార్చి, 7,500 ఆర్‌పీఎం వద్ద కూడా సిలిండర్లు పూర్తిగా నిండేలా చేస్తే పరిస్థితి మారుతుంది. అప్పుడు సెకనుకు 81 లీటర్ల గాలి కావాలి. 45 మిల్లీమీటర్ల థ్రాటిల్ వద్ద నష్టం 2.5 కిలోపాస్కళ్లకు చేరుతుంది, 50 మిల్లీమీటర్లయితే 1.5 దగ్గర ఆగుతుంది. లాభం ఒక శాతం. పోటీ వాహనానికి ఇది విలువైనదే. మరే మార్పూ చేయని ఇంజిన్‌కు మాత్రం పెద్ద థ్రాటిల్ బాడీ ఒక్కటే చెప్పుకోదగ్గ శక్తిని తేలేదు.

సిలిండర్‌కు ఒక థ్రాటిల్ చొప్పున ఉండే మోటారు సైకిళ్లకు ఈ లెక్క నేరుగా వర్తించదు. ఒకే సిలిండర్ ఇంజిన్ మొత్తం చక్రంలో దాదాపు నాలుగో వంతు సమయమే గాలి పీలుస్తుంది. ఆ కొద్ది సమయంలో ప్రవాహం సగటుకు కొన్ని రెట్లు ఉంటుంది. అందుకే సీసీతో పోలిస్తే మోటారు సైకిళ్ల థ్రాటిల్ వ్యాసం కార్ల కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

పికప్ పెరిగినట్లు ఎందుకు అనిపిస్తుంది

శక్తి పెరగకపోయినా పెద్ద థ్రాటిల్ పెట్టగానే వాహనం చురుకైందన్న భావన కలగడానికి కారణం ఉంది. పలక కొద్దిగా తెరిచినప్పుడు ఏర్పడే సందు, వ్యాసం వర్గంతో పాటు పెరుగుతుంది. 45 మిల్లీమీటర్ల థ్రాటిల్‌ను 10 డిగ్రీలు తెరిస్తే వెళ్లే గాలికి 50 మిల్లీమీటర్ల దానిలో 9 డిగ్రీలు చాలు, 60 మిల్లీమీటర్లయితే 7.5 డిగ్రీలే చాలు. పాదం అలవాటు కొద్దీ అంతే దూరం నొక్కుతుంది, ఇంజిన్‌కు మాత్రం ఎక్కువ గాలి అందుతుంది. దానినే డ్రైవరు పికప్‌గా భావిస్తాడు.

ఇబ్బంది కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. నగరంలో 20 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో సాగే ప్రయాణమంతా పలక తెరుచుకునే మొదటి కొద్ది డిగ్రీల్లోనే జరుగుతుంది. ఆ కొద్ది డిగ్రీలు మరింత కుదించుకుపోతే పాదం స్వల్పంగా కదిలినా కుదుపు తప్పదు. మరోవైపు, తక్కువ ఆర్‌పీఎంలో ఇంజిన్‌కు కావలసిన గాలి పలక సగం తెరవక ముందే అందుతుంది. ఆపైన ఎంత నొక్కినా స్పందన ఉండదు. పెడల్ మొదటి భాగం అతిగా స్పందించి, చివరి భాగం చచ్చుబడినట్లు ఉండటానికి ఇదే కారణం.

కొనే ముందు కొలత

థ్రాటిల్ బాడీ ఇంజిన్‌కు నిజంగా అడ్డుగా ఉందో లేదో తేల్చే పరీక్షకు ఖర్చు తక్కువ. మానిఫోల్డ్ పీడన సెన్సర్ ఉన్న వాహనానికి డయాగ్నస్టిక్ పోర్టులో స్కానర్ అమర్చి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేస్తే అప్పటి వాతావరణ పీడనం కనిపిస్తుంది. విశాఖ తీరంలో అది దాదాపు 101 కిలోపాస్కళ్లు ఉంటే, 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లో సుమారు 95 ఉంటుంది. తర్వాత డైనమోమీటర్‌పై గానీ, ప్రజలు తిరగని ప్రైవేటు ట్రాక్‌పై గానీ పెడల్ పూర్తిగా నొక్కి, గరిష్ఠ ఆర్‌పీఎం వద్ద పీడనాన్ని నమోదు చేయాలి.

రెండు అంకెల మధ్య తేడా రెండు కిలోపాస్కళ్ల లోపే ఉంటే థ్రాటిల్ మార్పుతో ఒరిగేదేమీ లేదు. ఐదు దాటితే గాలి మార్గంలో ఎక్కడో అడ్డు ఉన్నట్లే. ఆ అడ్డు థ్రాటిల్ వద్దే ఉందని అప్పుడే నిర్ధారణకు రాకూడదు. మురికి పట్టిన ఫిల్టర్, ఇరుకైన గొట్టం, పలక అంచున పేరుకున్న మసి కూడా ఇదే ఫలితాన్ని ఇస్తాయి. కొత్త ఫిల్టర్ వేసి, థ్రాటిల్ శుభ్రం చేసి మళ్లీ కొలవాలి.

మరో తనిఖీకి పరికరమే అవసరం లేదు. ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ పూర్తిగా నొక్కి ఉంచగా మరొకరు పలక పూర్తిగా తెరుచుకుందో లేదో చూడాలి. కేబుల్ సాగిన పాత వాహనాల్లో పెడల్ అడుగంటినా పలక పూర్తిగా తెరుచుకోని సందర్భాలున్నాయి. అలాంటప్పుడు కేబుల్ సర్దుబాటే కావలసిన శక్తిని తిరిగి ఇస్తుంది.

ఎత్తైన ప్రాంతాల్లో తగ్గే శక్తిని పెద్ద థ్రాటిల్ భర్తీ చేయలేదు. సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి పీడనమే దాదాపు 65 కిలోపాస్కళ్లు. ద్వారం ఎంత వెడల్పు చేసినా పలుచని గాలి చిక్కబడదు.

ఎంత పెద్దది చాలు

కొలత అవసరాన్ని నిరూపిస్తే, ఆ అవసరాన్ని తీర్చే అతి చిన్న పరిమాణాన్ని ఎంచుకోవడం మేలు. రోజువారీ వాడకానికి వ్యాసంలో పది శాతం పెంపు కూడా తక్కువేమీ కాదు. దాంతో వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. వ్యాసం పెంచకుండానే కొంత మేలు పొందే మార్గమూ ఉంది. ఇరుసును సన్నబరచడం, పలక అంచులను, మరల తలలను నున్నగా చేయడం వల్ల పూర్తి తెరుపులో అడ్డు తగ్గుతుంది, మొదటి డిగ్రీల్లోని అదుపు మారదు. అయితే ఇరుసును బలహీనపరిచేంతగా అరగదీయకూడదు. ఈ పనిని అనుభవమున్న లేత్ పనివారికే అప్పగించాలి.

అమరికలో చూడవలసినవి

థ్రాటిల్ వ్యాసం 50 మిల్లీమీటర్లై, మానిఫోల్డ్ నోరు 45 దగ్గరే ఉంటే రెంటి మధ్య మెట్టు ఏర్పడుతుంది. గాలి ఆ మెట్టుకు తగిలి సుడులు తిరుగుతుంది, పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కదు. మానిఫోల్డ్ నోటిని వాలుగా తొలిచి రెండు వ్యాసాలను కలపాలి. గోడ మందం అందుకు సరిపోతుందో లేదో ముందే చూడాలి. గాస్కెట్ అంచు గాలి మార్గంలోకి పొడుచుకు రాకూడదు. బ్రేక్ బూస్టర్, పెట్రోలు ఆవిరి గొట్టం, క్రాంక్‌కేస్ గొట్టం కలిసే రంధ్రాలు కొత్త బాడీపై కూడా అదే తీరున ఉండాలి. వీటిలో ఒక్కటి మూసుకుపోయినా, గాలి లీకైనా ఐడ్లింగ్ నుంచి బ్రేకుల వరకు సమస్యలు తలెత్తుతాయి.

కేబుల్ వాహనాల్లో నడక సౌఖ్యాన్ని కాపాడే కీలక భాగం ఇరుసు చివరన కేబుల్ చుట్టుకునే చక్రం. గుండ్రని చక్రానికి బదులు, మొదట ఎక్కువ వ్యాసార్ధంతో, తర్వాత క్రమంగా తక్కువ వ్యాసార్ధంతో ఉండే చక్రాన్ని అమర్చితే పలక మొదట నెమ్మదిగా, ఆపైన వేగంగా తెరుచుకుంటుంది. లెక్క సులభమే. థ్రాటిల్ వ్యాసం 45 నుంచి 50కి, అంటే 11 శాతం పెరిగితే, చక్రం ఆరంభ వ్యాసార్ధం కూడా 11 శాతం పెరగాలి. అప్పుడు మొదటి డిగ్రీల్లో పెడల్ స్పందన పాత తీరుకు వస్తుంది. చివర్లో వ్యాసార్ధం తగ్గడం వల్ల అంతే కేబుల్ కదలికతో పలక పూర్తిగా తెరుచుకుంటుంది.

ఐడ్లింగ్, ఇంధన లెక్క

మూసి ఉన్న పలక చుట్టూ కూడా సన్నని సందు ఉంటుంది. వ్యాసం పెరిగితే చుట్టుకొలతతో పాటు ఆ లీకేజీ పెరుగుతుంది. అది ఐడ్లింగ్‌కు కావలసిన గాలిని మించితే ఐడిల్ వాల్వ్ పూర్తిగా మూసుకున్నా ఇంజిన్ వేగం తగ్గదు. పలకను ఆపే మరను ఇష్టానుసారం తిప్పి ఈ లోపాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం కొన్ని షెడ్లలో జరుగుతుంటుంది. పలక గొట్టానికి బిగుసుకోకుండా ఆపడమే ఆ మర పని. ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆపి ఉన్నప్పుడూ వేసినప్పుడూ ఐడిల్ వాల్వ్ తన పరిధి మధ్యలో పనిచేస్తుంటే అమరిక సరిగా ఉన్నట్లు. పలక స్థానం తెలిపే సెన్సర్ సున్నాను కూడా తయారీదారు చెప్పిన వోల్టేజీకి సరిచేయాలి.

ఇంధన లెక్క వాహనాన్ని బట్టి మారుతుంది. మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే వ్యవస్థల్లో పలక పెద్దదైనా సెన్సర్ చూసేది లోపలి అసలు పీడనాన్నే. స్థిర వేగంలో పెట్రోలు చాలావరకు సరిగానే అందుతుంది. జిప్సీ ఇంజెక్షన్ ఇంజిన్ ఈ కోవకు చెందినదే. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ ఉన్న వాహనాల పరిస్థితీ ఇంతే. ఈ రెండింటిలోనూ మార్చవలసింది ప్రధానంగా ఐడ్లింగ్, పెడల్ హఠాత్తుగా నొక్కినప్పుడు ఇచ్చే అదనపు ఇంధనం. పలక కోణం, ఆర్‌పీఎంల ఆధారంగా ఇంధనాన్ని నిర్ణయించే వ్యవస్థల్లో అలా కాదు. చాలా మోటారు సైకిళ్లు కొంత పరిధిలో ఈ పద్ధతిపై ఆధారపడతాయి. అక్కడ అదే కోణానికి గాలి ఎక్కువ వెళ్లడంతో పాత పట్టిక మొత్తం తప్పుతుంది. ఇంజిన్‌కు పెట్రోలు చాలక తడబాటు, అధిక వేడి సంభవిస్తాయి. డైనమోమీటర్‌పై పట్టికను తిరిగి రూపొందించకుండా అలాంటి వాహనాన్ని రోడ్డెక్కించకూడదు.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న వాహనాల్లో పెడల్‌కు, పలకకు మధ్య సంబంధం సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. సరైన క్యాలిబ్రేషన్‌తో పెద్ద పలకకు కూడా పాత పెడల్ స్పందనను ఇవ్వవచ్చు. అది లేకుండా బాడీ మాత్రమే మారిస్తే, ఊహించిన గాలికి, వచ్చిన గాలికి పొంతన కుదరక కంప్యూటర్ హెచ్చరిక దీపం వెలిగించవచ్చు, శక్తిని తగ్గించే రక్షణ స్థితికి వెళ్లవచ్చు.

భద్రత

థ్రాటిల్ పని తెరుచుకోవడంతో ముగియదు. పాదం తీయగానే మూసుకోవడం అంతకన్నా ముఖ్యం. చల్లగా ఉన్నప్పుడు చక్కగా తిరిగే పలక వేడికి వ్యాకోచించి బిగుసుకోవచ్చు. అందువల్ల ఇంజిన్ చల్లగా, వేడిగా ఉన్న రెండు స్థితుల్లోనూ పలక తనంతట తాను మూసుకుంటోందో లేదో చూడాలి. ఒక స్ప్రింగ్ తెగినా రెండోది మూసేలా జంట స్ప్రింగులు ఉండాలి. పలకను ఇరుసుకు బిగించే మరలు ఊడితే నేరుగా సిలిండర్‌లోకి వెళతాయి. వాటికి లాకింగ్ ద్రవం పూసి, చివరలు నొక్కి పడకుండా చేయాలి. ఇంజిన్ కదిలినప్పుడు కేబుల్ దేనికీ చిక్కుకోకూడదు, కాలి కింది మ్యాటు పెడల్‌కు తగలకూడదు.

ప్రయాణంలో థ్రాటిల్ తెరిచి ఉండిపోతే క్లచ్ నొక్కి గేరు న్యూట్రల్ చేసి, బ్రేకును గట్టిగా, నిలకడగా వేసి, వాహనాన్ని పక్కకు చేర్చి ఇంజిన్ ఆపాలి. కదులుతున్న వాహనంలో తాళంచెవిని స్టీరింగ్ లాక్ అయ్యే స్థానం వరకు తిప్పకూడదు.

చట్టం, బీమా

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో చేర్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న బీఎస్-6 ప్రమాణాల వాహనాల్లో గాలి, ఇంధనం లెక్క తప్పితే ఉద్గారాల పరిమితి దాటే ప్రమాదం ఉంది. మార్పు తలపెట్టే ముందు రవాణా శాఖను సంప్రదించడం, బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయడం అవసరం. వారంటీ ఉన్న వాహనమైతే దాన్ని కోల్పోయే అవకాశాన్నీ పరిగణించాలి. శక్తిని పరీక్షించుకునే ఉత్సాహం ఉన్నవారికి చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వే వంటి ట్రాకులు తగిన వేదికలు. అక్కడి పోటీల్లో ఏ మార్పులకు అనుమతి ఉందో ఆయా తరగతుల నిబంధనలు నిర్ణయిస్తాయి.

చివరి పరీక్ష

అమరిక ముగిశాక గరిష్ఠ వేగం కంటే కనిష్ఠ వేగంలో వాహనం ఎలా నడుస్తుందో ముందు చూడాలి. ఉదయం చల్లని ఇంజిన్ ఒక్క ప్రయత్నంలో స్టార్ట్ కావాలి. ఏసీ వేసినప్పుడు ఆర్‌పీఎం పడిపోయినా వెంటనే కోలుకోవాలి. రెండో గేరులో 20 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా సాగాలి. ఎత్తుపై ఆపి మళ్లీ కదిలించినప్పుడు ఇంజిన్ ఆగిపోకూడదు, ఎగదూకకూడదు. స్కానర్‌లో కనిపించే ఇంధన సవరణ విలువ ఐదు శాతానికి అటూ ఇటూ లోపల ఉంటే మంచిది. కనీసం రెండు వారాలు మైలేజీని పాత లెక్కతో పోల్చి చూడాలి.

వీటిలో ఏది విఫలమైనా తిరిగి వెనక్కి వెళ్లేందుకు పాత థ్రాటిల్ బాడీని, సెన్సర్‌ను, గాస్కెట్ కొలతలను భద్రపరచుకోవాలి. కొలతలో అడ్డు కనిపించని వాహనానికి ఆ పాత బాడీని శుభ్రం చేసి, కేబుల్ సరిచేసి వాడుకోవడమే చౌకైన, నమ్మకమైన మార్గం.